మానవ శరీర పాఠాలకు సంచార తరగతి గది: ఏం మోసుకెళ్లాలి, ఎలా నడపాలి

నమస్కారం. నల్లగొండ జిల్లాలో పదవీ విరమణ చేసిన కొందరు ఉపాధ్యాయులు, అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు కలిసి ట్రస్టు పెట్టుకున్నారని, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల పిల్లలకు మానవ శరీర శాస్త్రాన్ని స్వయంగా చేయించి నేర్పే సంచార తరగతి గదిని నడపాలనుకుంటున్నారని రాశారు. బస్సు కొనాలా, చిన్న వ్యాను సరిపోతుందా. అందులో ఏమేం పెట్టాలి. ఏ పాఠాలతో మొదలుపెట్టాలి. విదేశాల నుంచి వచ్చే డబ్బు విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. జీవశాస్త్రం బోధించి, ఆ తర్వాత చాలా ఏళ్లుగా ఇలాంటి వాహనంతో జిల్లా పరిషత్ పాఠశాలలకు వెళ్తున్న మనిషిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

మీ ప్రణాళిక మొత్తాన్ని నిర్ణయించే మాట ముందే చెబుతాను. మానవ శరీర పాఠానికి కావలసిన ప్రధాన పరికరం ప్రతి పిల్లవాడి దగ్గరా ఉంది. నాడి, ఊపిరి, లాలాజలం, కన్ను, చర్మం, కండరం, ఇవన్నీ వాడు బడికి రోజూ తెచ్చుకుంటున్నవే. వాటిని కొలిచే చిన్న సాధనాలను, ఆ కొలతల నుంచి ప్రశ్నలు పుట్టించగల బోధకుణ్ణి చేరవేయడమే వాహనం పని. అందుకే వంద బడులకు ఒక్కోసారి వెళ్లే ఆలోచన మానుకుని, పది పన్నెండు బడులను ఎంచుకుని ఒక్కో బడికి ఏడాదిలో నాలుగైదు సార్లు వెళ్లండి. ఒక్కసారి వచ్చి వెళ్లిపోయే వాహనం పిల్లలకు తిరునాళ్ల సరదా ఇస్తుంది. మళ్లీ వస్తుందని తెలిసిన వాహనం కోసం పిల్లలు ప్రశ్నలు దాచిపెట్టుకుంటారు.

వాహనంలో విజ్ఞానాన్ని బడికి తీసుకెళ్లడం మన దేశానికి కొత్త కాదు. కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లోనే బస్సులో ప్రదర్శన అమర్చి పల్లె బడులకు పంపింది. 1999లో ఏర్పడి కుప్పం దగ్గర కేంద్రం పెట్టుకున్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ ఇంకో దారి పట్టింది. సామానును, బోధకుణ్ణి వ్యానులో తీసుకెళ్లి, బడి ఆవరణలో దింపి, పిల్లల చేతికిచ్చి చేయించడం వారి పద్ధతి. వ్యాను వెళ్లలేని చోటికి మోటారు సైకిల్ మీద కూడా ప్రయోగశాలను పంపారు. ఆస్ట్రేలియాలో టెడ్ నాఫ్స్ 1979లో మొదలుపెట్టిన లైఫ్ ఎడ్యుకేషన్ కార్యక్రమంలో పిల్లలు వాహనం లోపలికే ఎక్కి కూర్చుని శరీరం గురించి, ఆరోగ్యం గురించి నేర్చుకుంటారు. ఈ మూడింటిలో మీ జిల్లాకు సరిపోయేది కుప్పం పద్ధతే అని నా అభిప్రాయం.

కారణాలు చెబుతాను. పెద్ద బస్సును తరగతి గదిగా మార్చినా ఒక విడతకు పదిహేను మంది పిల్లలకు మించి సౌకర్యంగా కూర్చోలేరు. నలభై మంది ఉన్న తరగతిని మూడు విడతలు చేయాలి. ఒక విడత లోపల ఉంటే మిగతా రెండు విడతల పిల్లలు బయట ఎదురుచూస్తూ ఉండిపోతారు, నలభై అయిదు నిమిషాల పీరియడు ఎక్కడం దిగడంతోనే కరిగిపోతుంది. కిందికి వేలాడే కరెంటు తీగలు, వేప కొమ్మలు, బడి గేటు వెడల్పు, ఎండలో ఇనుప పెట్టెలా కాగే లోపలి గది, వీటన్నింటితో రోజూ పోరాడాలి. దానికి బదులు మధ్యరకం వ్యాను తీసుకుని, ఒక్కో పాఠానికి ఒక్కో ట్రంకు పెట్టె చొప్పున, ప్రతి పెట్టెలో ఆరు జట్లకు సరిపడే సామాను సర్దుకోండి. వరండాలోనో చెట్టు కిందో దింపితే పావుగంటలో నలభై మందీ ఒకేసారి పనిలో పడతారు. బడిలో కరెంటు ఉంటుందన్న భరోసా పెట్టుకోకుండా ఒక ఇన్వర్టరు, బ్యాటరీ వ్యానులోనే ఉంచుకోండి. వాహనం లోపలి నిర్మాణంలో ఏ మార్పు చేసినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద రవాణా శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. చేసేశాక తీసుకుందామనుకుంటే ఇబ్బంది పడతారు. జూన్ రెండో వారంలో బడులు తెరిచినప్పటి నుంచి ఫిబ్రవరి దాకానే మీకు పని కాలం ఉంటుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక, పదో తరగతి పరీక్షల హడావిడిలో ఎవరూ మిమ్మల్ని రమ్మనరు.

ఇంకొక సంగతి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వాహనాల్లో బడులకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. అందువల్ల గుండె బొమ్మ వేసిన వ్యాను గేటు దాటి లోపలికి రాగానే చిన్న తరగతుల పిల్లలు ముందుగా అడిగేది "సూది వేస్తారా సార్?" అని. మీరు వచ్చేది పరీక్షించడానికి కాదని, కలిసి నేర్చుకోవడానికని ముందురోజే ప్రార్థన సమయంలో ప్రధానోపాధ్యాయుల చేత చెప్పించండి. భయంతో బిగుసుకున్న పిల్లల నాడి లెక్కలు కూడా తప్పుగానే వస్తాయి.

మొదటి రోజు ఏ పరికరమూ తీయకండి. పాత వార్తాపత్రికలు అతికించి నేల మీద పరిచి, ప్రతి జట్టులో ఒకరిని పడుకోబెట్టి చుట్టూ గీత గీయించండి. ఆ ఆకారం లోపల తమకు తెలిసిన అవయవాలన్నీ, వాటి స్థానంలో, వాటి పరిమాణంలో గీయమనండి, పుస్తకం చూడకూడదు. అన్నం గొట్టం ఒకటి, నీళ్ల గొట్టం ఇంకొకటి గీసే పిల్లలు ప్రతి బడిలోనూ కనిపిస్తారు. గుండెను పూర్తిగా ఎడమ పక్కకు, పెళ్లి కార్డు మీద గుర్తులాగా గీస్తారు. కడుపంతా జీర్ణాశయమే అనుకుంటారు. మూత్రపిండాలను గీసినా వాటికి రక్తనాళాలు గీయరు. తొమ్మిదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇలాగే గీస్తారు, ఎందుకంటే పుస్తకంలోని బొమ్మను వాళ్లు ఎప్పుడూ తమ ఒంటి మీద పెట్టి చూసుకోలేదు. ఆ కాగితాలను సరిదిద్దకుండా చుట్టి దాచండి. ఏడాది చివర అవే కాగితాలను వాళ్ల చేతికిచ్చి ఎర్ర పెన్నుతో వాళ్లనే దిద్దుకోమనండి. మీ పని ఎంత ఫలించిందో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

రెండో సందర్శనలో నాడితో మొదలుపెట్టండి. చొక్కా గుండీ రంధ్రంలో అగ్గిపుల్ల గుచ్చి మణికట్టు మీద నాడి తగిలే చోట నిలబెడితే పుల్ల కొన ప్రతి కొట్టుకు ఊగుతుంది. పాఠ్యపుస్తకంలో ఉన్న ప్రయోగమే ఇది, కానీ చేసి చూసిన పిల్లలు చాలా తక్కువ. నాడిని పూర్తిగా ఒక నిమిషం లెక్కించనివ్వండి, ఎందుకంటే పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే ఒక్క కొట్టు తప్పు నాలుగు కొట్ల తప్పవుతుంది. నలభై మంది లెక్కలనూ పేర్లు లేకుండా నల్లబల్ల మీద చుక్కలుగా పెట్టించండి. 72 అని బట్టీ పట్టిన పిల్లలకు 68 నుంచి 100 దాకా పరుచుకున్న చుక్కలు కనిపిస్తాయి. "మరి 72 ఎక్కడి నుంచి వచ్చింది సార్" అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. సగటు అంటే ఏమిటో గణితం పీరియడులో కంటే అక్కడే బాగా అర్థమవుతుంది. ఆ తర్వాత రెండు బకెట్లు, 70 మిల్లీలీటర్ల చిన్న కప్పు ఇచ్చి, నిమిషంలో 72 సార్లు నీళ్లు ఒక బకెట్ నుంచి ఇంకో బకెట్‌కు పోయమనండి. పెద్దల గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడు నిమిషానికి తోడే అయిదు లీటర్లు అవే. నిమిషం పూర్తయ్యేలోపు చేయి నొప్పి పుడుతుంది, గుండె మాత్రం రోజుకు లక్షకు పైగా సార్లు ఈ పని చేస్తుందన్న విషయం ఆ నొప్పితో కలిపి గుర్తుండిపోతుంది. పరుగెత్తించి నాడి చూసే భాగానికి ముందు, గుండె జబ్బు గానీ కీళ్లవాతం జ్వరం వచ్చిన చరిత్ర గానీ ఉన్న పిల్లలెవరైనా ఉన్నారేమో ఉపాధ్యాయుణ్ణి విడిగా అడగండి. అలాంటి పిల్లలకు గడియారం చూసి సమయం చెప్పే బాధ్యత ఇవ్వవచ్చు.

గుండె పాఠానికి నేను అన్నింటికంటే విలువైనదిగా భావించేది మేక గుండె. ఎంత ఖరీదైన ప్లాస్టిక్ నమూనా అయినా దీనికి సాటిరాదు. అయితే దీన్ని తెచ్చే పద్ధతి తెలియాలి. మటన్ కొట్టులో గుండెకాయ మామూలుగా అడిగితే, పైన ఉన్న నాళాలన్నీ మొదట్లోకి కోసేసి, కడగడం కోసం మధ్యకు చీల్చి ఇస్తారు. అది పాఠానికి పనికిరాదు. రెండు వేళ్ల పొడవు నాళాలు వదిలి, ఎక్కడా గాటు పెట్టకుండా ఇవ్వమని ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. తెల్లవారుజామున తీసుకుని ఐసు పెట్టెలో తీసుకెళ్లండి. ఎనిమిది మందికి ఒక గుండె ఉంటే అందరి వేళ్లూ దాన్ని తాకుతాయి.

వెంటనే కోయకండి. ముందుగా పైనున్న నాళాల్లోకి చేతొడుగు వేసుకున్న వేలు పెట్టి చూడమనండి. మందమైన గోడతో, వదిలేసినా నోరు తెరుచుకునే ఉండేది బృహద్ధమని. సిరలు తడి గుడ్డలా ముడుచుకుపోతాయి. ధమనికీ సిరకూ తేడా పట్టికలో రాసుకున్న పిల్లలు ఆ తేడాను వేలితో కనుక్కునే క్షణం అది. తర్వాత గుండెను నిటారుగా పట్టుకుని బృహద్ధమనిలోకి నీళ్లు పోయించండి. అర్ధచంద్రాకార కవాటాలు మూసుకుని నీళ్లు పైనే నిలిచిపోతాయి. పై నుంచి చూస్తే మూడు జేబుల్లాంటి రేకులు నీటితో ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుని ఉండడం కనిపిస్తుంది. ఏ మోటారూ, ఏ కండరమూ వాటిని మూయలేదు. వెనక్కి వచ్చే నీటి బరువుకే అవి మూసుకున్నాయి. స్టెతస్కోపులో విన్న "డబ్" శబ్దం ఈ మూతదే అని అప్పుడు చెప్పండి. కొద్దిసేపటికి నీటి మట్టం నెమ్మదిగా దిగుతుంది. కవాటం కారుతోందని పిల్లలు అంటారు. కవాటానికి కాస్త పైన ధమని గోడలో ఉన్న రెండు చిన్న రంధ్రాలను వెతకమనండి. గుండె కండరానికే రక్తం తీసుకెళ్లే హృదయ ధమనులు అక్కడ మొదలవుతాయి, నీళ్లు పోతున్నదీ వాటిలోకే. ఊళ్లో ఎవరికో గుండెపోటు వచ్చి స్టెంటు వేశారన్న మాట ప్రతి పిల్లవాడూ విని ఉంటాడు. ఆ స్టెంటు వేసేది ఈ దారిలోనే అని చూపిస్తే, నిండుగా రక్తం ఉన్న గుండెకు మళ్లీ విడిగా రక్తం ఎందుకు అన్న చర్చ దానంతటదే నడుస్తుంది.

ఆ తర్వాతే కోయాలి, కోసేది బోధకుడే. ఎడమ జఠరిక గోడను, కుడి జఠరిక గోడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూస్తే ఎడమది దాదాపు మూడు రెట్లు మందం ఉంటుంది. పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపే గదికీ, ఒళ్లంతటికీ పంపే గదికీ ఉన్న తేడాను పిల్లలే చెబుతారు. కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న కవాటపు రేకులను పట్టి ఉంచే తెల్లని దారాలను పెన్సిలు కొనతో లాగి చూడమనండి; అంత సన్నని దారాలు ఎంత లాగినా తెగవు. అవి లేకపోతే రేకులు పైకి తిరగబడి రక్తం వెనక్కి పోతుందని ఎవరూ చెప్పకుండానే గ్రహించే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు.

ఈ పాఠానికి ప్రధానోపాధ్యాయుల అంగీకారం, తల్లిదండ్రులకు ముందస్తు సమాచారం తప్పనిసరి. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలను, చూడలేని పిల్లలను బలవంతపెట్టకూడదు. వారికి అదే సమయంలో స్టెతస్కోపులతో ఇంకొక పని, అంతే గౌరవంగా, సిద్ధంగా ఉంచాలి. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర కోర్సుల్లోనే జంతు విచ్ఛేదనాన్ని ఆపమంది. మనం పాఠం కోసం ఏ ప్రాణినీ చంపడం లేదు, కొట్టులో అమ్మేదే తెస్తున్నాం. ఆ హద్దు దాటి కప్పల్ని, ఎలుకల్ని తేవద్దు. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వ్యర్థాలను మూటగట్టి మీరే వెనక్కి తీసుకెళ్లాలి. బడి వెనక పారేస్తే కుక్కలు పీకుతాయి, మళ్లీ మిమ్మల్ని రానివ్వరు.

జీర్ణక్రియకు గంజి, అయోడిన్, లాలాజలం చాలు. పలచని గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు వస్తుంది. లాలాజలం కలిపి గోరువెచ్చగా ఉంచిన గంజిలో ఆ రంగు క్రమంగా రావడం మానేస్తుంది. ఇది పుస్తకంలో ఉన్నదే, అయితే పిల్లలు లాలాజలం లేని గంజిని కూడా పక్కన పెట్టి పోల్చేలా చూడండి, లేకపోతే ప్రయోగానికి అర్థం లేదు. లాలాజలంలో పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము జీర్ణాశయంలోని ఆమ్లంలో పనిచేస్తుందా అని అడిగే పిల్లలుంటారు. అప్పుడు నిమ్మరసం పిండకండి. నిమ్మరసంలోని సి విటమిన్ అయోడిన్ రంగునే పోగొడుతుంది కాబట్టి, పిండిపదార్థం అరిగిపోయిందన్న తప్పుడు ఫలితం వస్తుంది. వెనిగర్ వాడండి. ఎవరి లాలాజలం వారి కాగితపు కప్పులోనే ఉండాలి, చివర కప్పులన్నీ బ్లీచింగ్ పౌడరు నీళ్లలో ముంచాలి.

శ్వాసక్రియకు అయిదు లీటర్ల నూనె డబ్బాకు గీతలు పెట్టి, నీళ్లు నింపి తొట్టిలో బోర్లించి, గొట్టంతో ఊదిస్తే ఎవరి ఊపిరి ఎంతో లీటర్లలో తెలుస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు రెండు, రెండున్నర లీటర్ల దగ్గర వస్తుంది. గొట్టం చివర ప్రతి ఒక్కరికీ కొత్త స్ట్రా ముక్క పెట్టాలి, ఈ విషయంలో ఏ సర్దుబాటూ వద్దు. దగ్గు, జ్వరం ఉన్న పిల్లలను ఆ రోజు ఊదనివ్వకండి. సున్నపు తేటకు తాంబూలం సున్నం చాలు. ముందురోజు రాత్రి నీళ్లలో కలిపి మూత పెట్టి, ఉదయం పైనున్న తేటను మెల్లగా వంపుకోవాలి. పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం, విడిచే గాలిలో 4 శాతం. ఆ వందరెట్ల తేడాను, స్ట్రాతో తేటలోకి ఊదినప్పుడు అది తెల్లబడే వేగంలో చూడవచ్చు. పొరపాటున పీల్చినా నోట్లోకి రాకుండా స్ట్రా పై భాగంలో చిన్న రంధ్రం చేయండి.

జ్ఞానేంద్రియాల పాఠాలు చవకైనవి, చిన్న తరగతులకు బాగుంటాయి. స్కేలును వదిలి పట్టుకునే ఆటలో అది 20 సెంటీమీటర్లు జారితే ప్రతిస్పందన కాలం సుమారు 0.2 సెకన్లు. రెండు పుల్లల కొనలను వేలి చివర రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలోనే రెండుగా గుర్తించే పిల్లవాడు వీపు మీద నాలుగు సెంటీమీటర్ల ఎడమున్నా ఒకటే అంటాడు. కండరాల అలసటకు బట్టల క్లిప్పు చాలు. అర నిమిషానికి ఎన్నిసార్లు నొక్కగలిగారో వరసగా రాసుకుంటే అంకెలు పడిపోతూ కనిపిస్తాయి. ఈ పాఠంలో యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి తప్పక చెప్పండి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరానికి శక్తినిచ్చే పదార్థాలైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఆ వెంటనే ఏటీపీని గుర్తించారు. తమ పిడికిలి అలసిపోతున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో కనిపెట్టినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడని వినడం ఆ పిల్లలకు అవసరం.

ఇక మీ జిల్లాకే చెందిన పాఠం ఫ్లోరైడ్. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ఆ తర్వాత ఈ జబ్బుకు నల్లగొండ పేరే గుర్తుగా మారింది. చివరికి పటిక, సున్నం కలిపి నీళ్లను శుద్ధిచేసే పద్ధతికి కూడా నల్లగొండ పేరే పెట్టారు. కోడి కాలి ఎముకను వెనిగర్‌లో నాలుగైదు రోజులు నానబెట్టి తీసుకెళ్లండి. ఖనిజాలు కరిగిపోయి రబ్బరులా వంగుతుంది. ఎముకలో ఖనిజం ఉందని అలా చూపించాకే, ఆ ఖనిజంలోకి ఫ్లోరైడ్ ఎలా చేరుతుందో చెప్పండి. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా సహించవచ్చు అన్నది మన ప్రమాణం. పంటి మీద మచ్చలు పడేది చిగురు లోపల పన్ను తయారవుతున్న వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు. కాబట్టి మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పెరిగిన పిల్లల పళ్లకు, వారి తల్లిదండ్రుల పళ్లకు తేడా ఎందుకుందో ఇంటి దగ్గరే పరిశీలించి రమ్మనవచ్చు. మర్రిగూడ వైపు బడుల్లో నడుము వంగిపోయిన తాతలు, నాయనమ్మలు ఉన్న పిల్లలు ఆ తరగతిలోనే కూర్చుని ఉంటారు. వైకల్యం ఉన్న మనుషుల ఫోటోలు తెర మీద వేయకండి. నీళ్ల నమూనాలు తెమ్మని పరీక్ష కిట్టుతో కొలిపించండి. జబ్బు బాధితుల బిడ్డలుగా కాకుండా పరిశోధకులుగా ఆ పిల్లలు ఆ గదిలో కూర్చోగలుగుతారు. రేపు మీ పని శ్రీకాకుళం ఉద్దానం దాకా విస్తరిస్తే మూత్రపిండాల పాఠంలోనూ ఇదే మర్యాద పాటించాలి, అక్కడ డయాలసిస్ అన్నది చాలా ఇళ్లలో రోజువారీ మాట.

రక్తహీనత గురించి కూడా తప్పక ఒక పాఠం ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. చాలామంది పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకున్నట్టు చేసి కిటికీలోంచి పారేస్తారు, ఎందుకంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా వస్తుంది, ఎందుకలా అవుతుందో ఎవరూ చెప్పలేదు. అన్నం తిన్నాక వేసుకోవాలని, ఆ పూట టీ తాగవద్దని, నలుపు రంగు అరగని ఇనుముదేనని చెప్పి, ఎర్రరక్తకణాల స్లైడును సూక్ష్మదర్శినిలో చూపిస్తే ఉపన్యాసం అవసరం ఉండదు.

అయితే పిల్లల వేలు గుచ్చి రక్తం తీయకండి. హిమోగ్లోబిన్ చూడటం, బ్లడ్ గ్రూపు చూడటం దాతలకు ఆకర్షణీయంగా కనిపిస్తాయి గానీ మీరు వైద్య బృందం కాదు. బ్లడ్ గ్రూపుల పాఠానికి కృత్రిమ రక్తపు కిట్లు దొరుకుతాయి, సూత్రం బోధించడానికి అవి చాలు. బరువు, ఎత్తు, రంగుల గుర్తింపు లాంటి కొలతలను పేర్లతో బల్ల మీద రాయకూడదు; లావుగా ఉన్న అమ్మాయిని, పొట్టిగా ఉన్న అబ్బాయిని పాఠం అయ్యాక కూడా ఆ అంకెతోనే పిలుస్తారు. స్టెతస్కోపులో ఏదైనా వింత శబ్దం వినిపించినా అక్కడ ఏమీ అనకండి. ప్రధానోపాధ్యాయులకు విడిగా చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపించమనండి. ఏ పిల్లవాడితోనూ బోధకులు ఒంటరిగా ఉండకూడదు, తల్లిదండ్రుల అనుమతి లేని ఫోటోలు ఎక్కడా పెట్టకూడదు.

కౌమారం, ఋతుస్రావం, ప్రత్యుత్పత్తి పాఠాలను మొదటి సందర్శనల్లో పెట్టకండి. మీరంటే నమ్మకం కుదిరాక, మహిళా బోధకురాలితో ఆడపిల్లలకు విడిగా ఒకసారి, మగపిల్లలకు విడిగా ఒకసారి, ఆ తర్వాత ఇద్దరికీ కలిపి ఒకసారి చేయండి. ప్రశ్నలు పేరు రాయకుండా పెట్టెలో వేయమంటే అసలు సందేహాలు బయటికి వస్తాయి. మగపిల్లలకు ఈ పాఠం అక్కర్లేదనే ఉపాధ్యాయులు ఉంటారు, వారితో ఓపికగా మాట్లాడి ఒప్పించాల్సిందే.

మీ అమెరికా మిత్రులు వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు పంపుతామన్నారని రాశారు. ఆ డబ్బుతో మంచి సూక్ష్మదర్శినులు ఆరు, మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫర్డులో రూపొందించిన ఫోల్డ్‌స్కోపులు (కాగితంతో మడిచి చేసే సూక్ష్మదర్శినులు) కొన్ని కొనమని నా సలహా. కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లవాడు ఎవరిదో గుండెలోకి వెళ్లి వస్తాడు, పక్కవాడితో మాట్లాడడు. తన చెంప లోపలి కణాన్ని మిథిలీన్ బ్లూ రంగులో చూసిన పిల్ల ముందు కళ్లు పెద్దవి చేసి, తర్వాత పక్కపిల్ల కణం కూడా ఇలాగే ఉందా అని చూడటానికి లేస్తుంది. ఆ లేవడం కోసమే మనం ఇంత దూరం వెళ్తున్నాం.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది బడిలోని జీవశాస్త్రం ఉపాధ్యాయుల మీద. మీ బోధకుడు పాఠం చెబుతుంటే ఉపాధ్యాయుడు స్టాఫ్ రూములో కూర్చుని రికార్డులు రాసుకుంటే మీ శ్రమలో సగం వృథా. జూన్‌లోనే, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి అనుమతి తీసుకుని వెళ్లండి, ఏ నెలలో ఏ యూనిట్ జరుగుతుందో వారినే అడిగి, మీ పెట్టెల క్రమాన్ని దానికి సరిపెట్టుకోండి. వెళ్లిన ప్రతిసారీ ఒక పాఠానికి సరిపడే సామానును బడిలోనే వదిలి రండి. అదే తరగతి రెండో సెక్షన్ పిల్లలకు ఆ పాఠాన్ని ఉపాధ్యాయులే చేయాలి, మీ బోధకుడు పక్కన నిలబడి సాయం చేయాలి. మాట్లాడేది తెలుగులోనే అయినా, పిల్లలు ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లిష్ మాధ్యమంలో పరీక్ష రాస్తున్నారు కాబట్టి పెట్టెలోని కార్డులు రెండు భాషల్లోనూ ఉండాలి.

డబ్బు విషయం. పరికరాల ఖర్చు తక్కువే; డీజిలు, డ్రైవరు జీతం, బోధకుల జీతాలే ఏటా మోయాల్సిన భారం. వాహనం కొనివ్వడానికి దాతలు సులభంగా దొరుకుతారు, దాన్ని నాలుగేళ్లు నడపడానికి దొరకరు. కంపెనీల చట్టం 135వ సెక్షను కింద సామాజిక బాధ్యత నిధులు విద్యకు ఇవ్వవచ్చు కాబట్టి చుట్టుపక్కల పరిశ్రమలను నిర్వహణ ఖర్చుల కోసమే అడగండి. మీ పూర్వ విద్యార్థుల్లో భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నవారు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే, దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఆ డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. కొత్త ట్రస్టుకు మూడేళ్ల పని చరిత్ర లేకుండా ఈ నమోదు రాదు. దాతల జాబితాను ఇప్పుడే పౌరసత్వం ప్రకారం విడదీసి, ఒక చార్టర్డ్ అకౌంటెంటుకు చూపించండి.

ఈ కారణాలన్నింటి వల్ల మొదటి ఏడాది వాహనం కొనవద్దనే చెబుతాను. సందర్శన ఉన్న రోజులకు మాత్రం వ్యాను అద్దెకు తీసుకుని, మూడు ట్రంకు పెట్టెలతో, ఇద్దరు బోధకులతో, ఒకే మండలంలోని నాలుగు బడుల్లో ఫిబ్రవరి దాకా పనిచేయండి. ఏ పెట్టె ఎంత బరువుంది, ఏ గేటు ఎంత వెడల్పుంది, ఏ సామాను దారిలో పగిలింది, సామాను దింపడానికి ఎంతసేపు పట్టింది అన్నవి డ్రైవరు చేతే ఒక పుస్తకంలో రాయించండి. రెండో ఏడాది కొనబోయే వాహనం కొలతలు ఆ పుస్తకంలోంచే తీసుకోవచ్చు.